వాయిస్ ప్యాకెట్‌కు దారి: 10 ఎంబీపీఎస్ అప్‌లింక్‌పై క్యూఓఎస్ ప్రాజెక్టు డైరీ

పని ఇది: ఒకవైపు పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతుండగా అదే లైన్ మీద ఫోన్ మాట తెగకుండా వెళ్లాలి. డేటా ముక్కల్లో (ప్యాకెట్లలో) ఏది ముందు, ఏది వెనక అని నడిపే ఈ పనినే క్యూఓఎస్ అంటారు. కొలతలన్నీ బెంచి (పరీక్షా ఏర్పాటు) మీదే తీశాం. బెంచి అంతా ఒకే లినక్స్ కంప్యూటర్‌లో ఉంది, విడిగా ఏ పరికరమూ కొననక్కర్లేదు. ఈ లెక్కలు ఎవరైనా తమ దగ్గర మళ్లీ తీసి సరిచూసుకోవచ్చు.

దశ 0: బెంచి

ఐదు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే కంప్యూటర్‌లో విడి యంత్రాల్లా నడిచే భాగాలు): ఇల్లు-1, ఇల్లు-2, రౌటర్, మోడెం, సర్వర్. వాటిని కలిపేవి నాలుగు వీఈథ్ జతలు (ఉత్తుత్తి కేబుళ్లు).

1. ఇల్లు-1, ఇల్లు-2 రెండూ రౌటర్‌కి. రౌటర్ మోడెంకి. మోడెం సర్వర్‌కి. రౌటర్, మోడెంలలో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్.
2. మోడెంలో సర్వర్ వైపు కొసకు టీబీఎఫ్ (వేగాన్ని కట్టడి చేసే క్యూ): వేగం 10 ఎంబీపీఎస్, బర్స్ట్ 5000 బైట్లు, లిమిట్ 15,14,000 బైట్లు. అంటే 1514 బైట్ల ప్యాకెట్లు సరిగ్గా వెయ్యి పట్టే బఫర్.
3. మోడెంలో రౌటర్ వైపు కొసకు టీబీఎఫ్: 50 ఎంబీపీఎస్, లిమిట్ అంతే. ఇది డౌన్‌లోడ్ దారి.
4. సర్వర్‌లో మోడెం వైపు కొసకు నెట్‌ఎం: 20 మి.సె. ఆలస్యం. ఊరు దాటి వెళ్లొచ్చే దూరానికి ఇది బదులు.
5. ఎనిమిది కొసల మీదా ఈథ్‌టూల్‌తో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ, జీఆర్‌ఓ (ప్యాకెట్లను కట్టలుగా కలిపే సౌకర్యాలు) మూడూ ఆఫ్.

ఐదో మెట్టు మరిచిపోతే తర్వాతి కొలతలన్నీ అనుమానాస్పదమే. జీఎస్‌ఓ ఆన్‌లో ఉంటే కెర్నల్ చాలా ప్యాకెట్లను ఒకే కట్టగా పంపుతుంది. కట్ట గరిష్ఠంగా 64 కిలోబైట్లు. 9.5 ఎంబీపీఎస్ లైన్ మీద అది పూర్తిగా దిగడానికి 65,536 × 8 ÷ 95,00,000 = 55 మి.సె. పడుతుంది. నెమ్మది లైన్ మీద టీసీపీ అంత పెద్ద కట్టలు కట్టదు, కానీ ఒక్కటి వచ్చినా దాని వెనక పడ్డ వాయిస్ ప్యాకెట్ అంతసేపూ ఆగాల్సిందే. కట్ట ఒకసారి బయల్దేరాక మధ్యలో దూరడానికి ఏ ప్రాధాన్య నియమానికీ వీలుండదు.

వాయిస్‌కు బదులుగా పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం కొలిచేది) వాడాం. జీ.711 కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) 20 మి.సె.కు ఒక ప్యాకెట్ పంపుతుంది: మాట 160 బైట్లు, దానికి తగిలించే హెడర్లు ఆర్‌టీపీ 12, యూడీపీ 8, ఐపీ 20, మొత్తం 200. పింగ్‌కు సైజు 172 ఇస్తే 172 + ఐసీఎంపీ 8 + ఐపీ 20, అదీ 200 బైట్లే. అంతరం 0.02 సెకను ఇస్తే సెకనుకు 50 ప్యాకెట్లు. తీగ మీద కాల్ ఎలా కనిపిస్తుందో పరిమాణంలోనూ లయలోనూ ఇదీ అలాగే కనిపిస్తుంది. పైగా నేరుగా ఆలస్యం చూపిస్తుంది, ఐపెర్ఫ్3 (వేగం కొలిచే ప్రోగ్రాం) యూడీపీ పరీక్ష మాత్రం జిట్టర్ (ఆలస్యంలో ఊగిసలాట), నష్టం చూపించి ఊరుకుంటుంది. ఇంత తక్కువ అంతరానికి పాత పింగ్ వెర్షన్లు రూట్ అనుమతి అడుగుతాయి.

ఒక కాల్ ఖర్చు: ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు కలిపి 214 × 8 × 50 = 85.6 కేబీపీఎస్. ఈ అంకె డైరీలో చాలాసార్లు వస్తుంది.

లక్ష్యం: ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) జీ.114 సిఫారసు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మి.సె. లోపు ఉండాలి. బయటి నెట్‌వర్క్, ఫోన్‌లోని జిట్టర్ బఫర్ తినేది పోను మన రౌటర్ వాటాకు 10 మి.సె. మించకూడదని పెట్టుకున్నాం.

దశ 1: ఏమీ చేయకుండా కొలత

ఇల్లు-1 నుంచి ఐపెర్ఫ్3తో ఒక్క టీసీపీ అప్‌లోడ్, 120 సెకన్లు. పక్కనే పింగ్.

ఖాళీ లైన్ మీద 20 మి.సె. చూపించిన పింగ్, అప్‌లోడ్ నిండాక 860 నుంచి 1230 మధ్య ఊగింది. ఈ రెండు అంకెలూ కాగితం మీదే తేలతాయి. బఫర్ నిండితే 15,14,000 × 8 ÷ 1,00,00,000 = 1211 మి.సె., దానికి 20 కలిపితే 1231. ఒక ప్యాకెట్ జారగానే క్యూబిక్ (టీసీపీ వేగాన్ని నడిపే పద్ధతి) తన విండోను (ఒకేసారి దారిలో ఉంచే సరుకును) 0.7 రెట్లకు తగ్గిస్తుంది. అప్పుడు బఫర్‌లో మిగిలేది సుమారు 842 మి.సె. సరుకు, 20 కలిపితే 862.

పరీక్షను 10 సెకన్లలో ఆపేస్తే మాత్రం పొరపాటు ఫలితం వస్తుంది. టీసీపీ తొందరపడకుండా పెరిగితే బఫర్ ఇంకా నిండదు, లైన్ బాగుందనిపిస్తుంది. కనీసం 60 సెకన్లు నడపాలి.

పది ఎంబీపీఎస్‌లో కాల్‌కు కావలసింది నూటికి ఒక వంతు కూడా కాదు. బ్యాండ్‌విడ్త్‌కు కొరత లేదు, ప్యాకెట్ వరసలో నిలబడి ముసలిదైపోతోంది, అంతే. ప్రోగ్రామర్ జిమ్ గెటీస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది దీనికే.

ఇప్పటికి: వాయిస్ గరిష్ఠం 1230 మి.సె. గుర్తు లేని (వాయిస్ కాని మామూలు) పింగ్ గరిష్ఠం 1230. అప్‌లోడ్ 9.56 ఎంబీపీఎస్. నియమాలు 0.

దశ 2: గుర్తు పెట్టాం, ఏమీ మారలేదు

ప్యాకెట్ మీద గుర్తు పెట్టే చోటు ఐపీ హెడర్‌లో రెండో బైటు, ఒకప్పుడు దాని పేరు టీఓఎస్. 1998లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 2474 దాన్ని మార్చి పై ఆరు బిట్లు డీఎస్‌సీపీ అనే తరగతి గుర్తుకు ఇచ్చింది, కింది రెండు తర్వాత ఈసీఎన్‌కు (రద్దీ హెచ్చరికకు) పోయాయి. వాయిస్‌కు వాడే ఈఎఫ్ తరగతి డీఎస్‌సీపీ 46.

పొరపాటు 1. పింగ్‌కు టీఓఎస్ ఆప్షన్‌లో 46 అని ఇవ్వడం. ఆ ఆప్షన్ అడిగేది మొత్తం బైటును, డీఎస్‌సీపీని కాదు. 46ను ఎనిమిది బిట్లుగా రాస్తే 00101110. పై ఆరు బిట్లు 001011, అంటే డీఎస్‌సీపీ 11, ఎవరూ వాయిస్‌గా చూడని విలువ. కింది రెండు బిట్లు 10, అంటే ఈసీఎన్‌కు సిద్ధమని అబద్ధపు ప్రకటన. సరైన విలువ 46 × 4 = 184. టీసీపీడంప్ (ప్యాకెట్లను తెరిచి చూపే ప్రోగ్రాం) వివరంగా చూపేలా పెట్టి టీఓఎస్ దగ్గర హెక్స్ బీ8 కనిపిస్తోందా లేదా చూసుకోవాలి. ఇది చూడకుండా ముందుకు పోవద్దు. డీఎస్‌సీపీ అడిగే చోటా టీఓఎస్ అడిగే చోటా ఒకే అంకె కొట్టి గంటలు పోగొట్టుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన గోతి.

పొరపాటు 2. రౌటర్‌లో మోడెం వైపు కొసకు మూడు బ్యాండ్ల ప్రియో క్యూ (మొదటి బ్యాండ్ ఖాళీ అయ్యాకే రెండోదాన్ని చూసేది) పెట్టి, ఈఎఫ్ తనంతట తానే మొదటి బ్యాండ్‌లోకి పోతుందనుకోవడం. పోదు. ప్రియో, పీఫిఫో-ఫాస్ట్ రెండూ మొదట్లో వాడే పట్టిక పాత టీఓఎస్ అర్థాల మీద కట్టింది. 184లో ఆ పాత బిట్లను మాత్రమే తీస్తే 24 వస్తుంది. పట్టిక దాన్ని ప్రాధాన్యం 4గా చదివి నడిమి బ్యాండ్‌లో పడేస్తుంది. ఏ గుర్తూ లేని మామూలు ప్యాకెట్ పడేదీ ఆ బ్యాండ్‌లోనే! కాబట్టి ఫిల్టర్ చేత్తో రాయాలి: టీఓఎస్ విలువ 184, మాస్కు హెక్స్‌లో ఎఫ్‌సీ. మాస్కు ఎఫ్‌ఎఫ్ అని రాస్తే ఈసీఎన్ బిట్లు మారిన ప్యాకెట్లు ఫిల్టర్‌కు చిక్కవు.

రెండూ సరిచేశాక మళ్లీ కొలిచాం. 1230. అంకె కదల్లేదు.

టీసీ (లినక్స్‌లో క్యూలను నడిపే ఆదేశం) గణాంకాలు తెరిచి చూస్తే కారణం అక్కడే ఉంది. మొదటి బ్యాండ్‌లో ప్యాకెట్ల సంఖ్య సెకనుకు 50 చొప్పున పెరుగుతోంది, ఫిల్టర్ బాగానే పనిచేస్తోంది. కానీ మూడు బ్యాండ్ల కిందా బ్యాక్‌లాగ్ (వరసలో ఆగి ఉన్న సరుకు) 0 బైట్లు, 0 ప్యాకెట్లు. మోడెంలో అదే ఆదేశం ఇస్తే టీబీఎఫ్ కింద బ్యాక్‌లాగ్ దాదాపు 15 లక్షల బైట్లు. రౌటర్ నుంచి మోడెంకు పోయే దారి వెడల్పుగా ఉంది కాబట్టి రౌటర్‌లో వరసే కట్టదు. వరస లేని చోట ముందు ఎవరు, వెనక ఎవరు? వరసంతా మోడెంలో ఉంది, మోడెం గుర్తులు చూడదు.

చెరువు నీళ్లు పంచాలంటే తూము దగ్గర నిలబడాలి. కింద కాలువలో ఎన్ని మడవలు తిప్పినా తూము ఎంత వదిలితే అంతే.

ఎవరి నెట్‌వర్క్‌లో అయినా మొదట చూడాల్సింది ఈ బ్యాక్‌లాగ్ అంకెనే. అది సున్నా ఉన్న పరికరం మీద రాసిన ప్రాధాన్య నియమాలన్నీ ఉత్తవే.

ఇప్పటికి: వాయిస్ 1230. గుర్తు లేనిది 1230. నియమాలు 3.

దశ 3: వరసను రౌటర్‌లోకి తెచ్చుకోవడం

ఉపాయం ఒక్కటే, రౌటర్ తన వేగాన్ని తానే లైన్ వేగం కంటే కొంచెం తగ్గించుకోవాలి. అప్పుడు ఇరుకు మోడెం దగ్గర కాకుండా రౌటర్ దగ్గర ఏర్పడుతుంది. ప్రియో తీసేసి హెచ్‌టీబీ (తరగతులవారీగా వేగం పంచే క్యూ) పెట్టాం.

తొలి ప్రయత్నం: హెచ్‌టీబీ వేగం సరిగ్గా 10 ఎంబీపీఎస్. పనిచేయలేదు. వచ్చేదీ పోయేదీ ఒకే వేగమైతే, మోడెంలో ఒకసారి పేరుకున్నది తరగడానికి సందే ఉండదు. 9.5కు దించాం.

అసలు లైన్ మీద ఇంకో చిక్కు ఉంది. హెచ్‌టీబీ ప్యాకెట్‌ను 1514గా లెక్కేస్తుంది, తీగ మీద ఎఫ్‌సీఎస్ (తప్పుల తనిఖీ అంకె) 4, ప్రియాంబుల్ (మొదటి సంకేతం) 8, ప్యాకెట్ల మధ్య ఖాళీ 12 కలిసి 1538 అవుతుంది. పెద్ద ప్యాకెట్ మీద తేడా 1.6 శాతమే. కానీ 214 బైట్ల వాయిస్ ప్యాకెట్ 238 అవుతుంది, తేడా 11 శాతం. చిన్న ప్యాకెట్లు ఎక్కువయ్యే కొద్దీ షేపర్ (వేగాన్ని కట్టడి చేసేది) లెక్క తప్పి, వరస మళ్లీ మోడెంలోకి జారుతుంది. ఫైల్ అప్‌లోడ్‌తో పరీక్షించి బాగుందనుకున్న సెటప్ పదిమంది ఒకేసారి ఫోన్ ఎత్తగానే పాడవడానికి ఇదొక కారణం.

తరగతులు:

1. తల్లి తరగతి: 9500 కేబీపీఎస్.
2. వాయిస్: హామీ 1000, సీలింగ్ (పై హద్దు) 1000, ప్రాధాన్యం 0. (నడుస్తున్న మొత్తం 1000)
3. మామూలు: హామీ 8000, సీలింగ్ 9500, ప్రాధాన్యం 1. (మొత్తం 9000)
4. బ్యాకప్‌లు: హామీ 500, సీలింగ్ 9500, ప్రాధాన్యం 2. (మొత్తం 9500)

పిల్లల హామీల మొత్తం తల్లిని దాటకూడదు. దాటితే హెచ్‌టీబీ ఒప్పేసుకుంటుంది, తప్పని చెప్పదు. పిల్లలు మాత్రం తల్లి దగ్గర లేనిది పంచుకుంటూ పోతారు, వరస మోడెంకు వెళ్లిపోతుంది.

రెండో ప్రయత్నమూ తప్పింది. పింగ్ మళ్లీ 1200 దాటింది. ఈసారి గణాంకాల్లో డైరెక్ట్ ప్యాకెట్ల లెక్క వేగంగా పెరుగుతోంది. హెచ్‌టీబీకి డిఫాల్ట్ తరగతి చెప్పకపోతే, ఏ ఫిల్టర్‌కూ చిక్కని ప్యాకెట్లు షేపింగ్ లేకుండా నేరుగా బయటికి పోతాయి. అప్‌లోడ్ మొత్తం అలాగే పోతోంది. డిఫాల్ట్‌ను మామూలు తరగతికి కట్టాక ఆ లెక్క ఆగిపోయింది.

ఇక్కడే ఏఆర్‌పీ (పక్క పరికరం హార్డ్‌వేర్ చిరునామా వెతికే ప్రశ్న) సంగతి కూడా. ఐపీ ఫిల్టర్లు ఏఆర్‌పీని పట్టవు, అది డిఫాల్ట్‌లో పడి సెకను పైగా ఆగుతుంది, అవతలి చిరునామా దొరక్క కాల్ ఉన్నట్టుండి మూగబోతుంది. దానికి వేరే ఫిల్టర్ రాసి పై తరగతిలోకి తోశాం.

మూడో ప్రయత్నం: వాయిస్ పింగ్ గరిష్ఠం 24. ఎప్పుడు వచ్చినా అప్పటికే బయల్దేరిన ఒక పెద్ద ప్యాకెట్ వెనక మాత్రం ఆగాలి. 1514 × 8 ÷ 95,00,000 = 1.3 మి.సె. మోడెం దగ్గర మరో 1.2. మిగతాది టైమర్ తడబాటు. ఇదే లెక్క 1 ఎంబీపీఎస్ లైన్ మీద ఒక్క ప్యాకెట్‌కే 12 మి.సె. అవుతుంది, మా 10 మి.సె. లక్ష్యం అక్కడ సాధ్యం కాదు.

దశ 3లోనే, పన్నెండో కాల్

వాయిస్ తరగతికి 1000 కేబీపీఎస్. ఒక కాల్ 85.6. అంటే 11 కాల్స్ పడతాయి, 941.6. పన్నెండోది కలిపితే 1027.2.

పన్నెండో కాల్ ఒక్కటే చెడుతుందనుకుంటారు. పన్నెండూ చెడతాయి. సెకనుకు 27.2 కిలోబిట్లు మిగిలిపోయి వరసలో చేరుతుంటాయి. 60 సెకన్లకు 1632 కిలోబిట్లు, ఆ తరగతి వేగం మీద 1.6 సెకన్ల ఆలస్యం. మరో మూడు సెకన్లకు వెయ్యి ప్యాకెట్ల క్యూ నిండిపోయి అందరి మాటలూ తెగడం మొదలవుతుంది. మొదటి నిమిషం బాగా నడిచి తర్వాత అందరికీ ఒకేసారి పాడయ్యే కాల్స్ కనబడితే ముందు ఈ భాగహారం చేయండి.

సీలింగ్ 9500కు పెంచితే ఇది తీరుతుంది, కానీ ఇంకో తలుపు తెరుచుకుంటుంది. ఇల్లు-2 నుంచి 10 ఎంబీపీఎస్ యూడీపీని ఈఎఫ్ గుర్తుతో పంపి చూశాం. గుర్తు ఎవరైనా వేసుకోవచ్చు, దానికి కాపలా లేదు. ఆ వరద వాయిస్ తరగతిలో దూరి నిజమైన కాల్‌ను ముంచేసింది. ఈఎఫ్‌ను నిర్వచించిన ఆర్‌ఎఫ్‌సీ 3246 కూడా, ఈఎఫ్ మిగతావారిని తొక్కేసే తీరులో అమలైతే దానికి హద్దు కట్టే సాధనం తప్పక ఉండాలంటుంది. చేసిన మార్పులు:

1. రౌటర్‌లోకి వచ్చే ప్రతి ప్యాకెట్ డీఎస్‌సీపీని మొదట 0 చేయడం.
2. ఫోన్ చిరునామా నుంచి వచ్చిన యూడీపీకి మాత్రమే 46 వేయడం.
3. సీలింగ్ 1000 దగ్గరే ఉంచి, కాల్స్ సంఖ్యను ఫోన్ సర్వర్‌లో 11కు కట్టడి చేయడం.

ఇంత చేశాక మామూలు తరగతిలో గుర్తు లేని పింగ్ చూస్తే దాదాపు 1300! మొదటి రోజు కంటే ఎక్కువ. ఆ తరగతి కింద వెయ్యి ప్యాకెట్ల పీఫిఫో (వచ్చిన వరసలోనే పంపే క్యూ) అలాగే ఉంది, వేగం మాత్రం కొంచెం తగ్గింది. డీఎన్‌ఎస్ (సైట్ పేరుకు చిరునామా వెతకడం), వెబ్ పేజీ, చాట్ అన్నీ అప్‌లోడ్ వెనకే ఏడుస్తున్నాయి. సరే, డీఎన్‌ఎస్‌కు ఒక నియమం. ఎస్‌ఎస్‌హెచ్‌కు ఇంకొకటి. వీడియో కాల్స్‌కు పోర్టుల జాబితా. టీసీపీ ఏసీకేలకు (అందిందని చెప్పే జవాబులకు) ఒకటి. చూస్తుండగానే నియమాలు 14 అయ్యాయి. వెబ్ పేజీ, వీడియో, బ్యాకప్ అన్నీ 443 పోర్టు మీదే నడుస్తాయి కాబట్టి పద్నాలుగూ అరకొరవే.

ఇప్పటికి: వాయిస్ 24. గుర్తు లేనిది 1300. అప్‌లోడ్ 9.09 ఎంబీపీఎస్. నియమాలు 14.

దశ 4: నియమాలు తీసేసి వంతులు పెట్టడం

దశ 3 అంతా ఒకరిని ముందుకు లాగడమే. మిగతావారి వరసను పొట్టిగా చేసే ప్రయత్నమే జరగలేదు. అది చేసేది కోడెల్. కాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లో బయటపెట్టిన పద్ధతి. ప్యాకెట్ వరసలో ఎంతసేపు ఉందో చూస్తుంది. 100 మి.సె. పొడుగునా ఆ కాలం 5 మి.సె. కిందికి ఒక్కసారి కూడా దిగకపోతే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడుతుంది. టీసీపీ ఆ సంకేతం అందుకుని నెమ్మదిస్తుంది. ఎఫ్‌క్యూ-కోడెల్ దీనికి వంతులు కలిపింది: మొదట్లో 1024 వరసలు, ప్రతి కనెక్షన్‌కు తన వరస, ఒక్కొక్కరికి 1514 బైట్ల వంతు. ఖాళీ వరసలోకి కొత్తగా వచ్చిన ప్యాకెట్‌కు ముందు అవకాశం. 20 మి.సె.కు ఒకసారి వచ్చిపోయే వాయిస్ ఎప్పుడూ కొత్తగా వచ్చినట్టే ఉంటుంది, కాబట్టి ఎవరూ గుర్తు పెట్టకుండానే ముందుకు పోతుంది.

హెచ్‌టీబీ, 14 నియమాలు మొత్తం తీసేసి కేక్ పెట్టాం. షేపర్, వంతులు, కోడెల్ లాంటి అదుపు, డీఎస్‌సీపీ తరగతులు నాలుగూ కలిసిన ఒకే క్యూ అది. లినక్స్ 4.19 నుంచి కెర్నల్‌లోనే ఉంది.

1. బ్యాండ్‌విడ్త్ 9500 కేబీపీఎస్.
2. డిఫ్‌సర్వ్4 (గుర్తును బట్టి నాలుగు గంపలు).
3. డ్యూయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్ (ముందు ఇంటికో వంతు, తర్వాత కనెక్షన్‌కో వంతు).
4. ఈథర్‌నెట్ ఓవర్‌హెడ్ (ఐపీ ప్యాకెట్‌కు 38 బైట్లు, కనీసం 84).

నాలుగోది బెంచికి అక్కర్లేదు, అసలు లైన్‌కు అలవాటుగా పెట్టాం. దానితో 200 బైట్ల ప్యాకెట్ 238గానే లెక్కకొస్తుంది.

వాయిస్ గరిష్ఠం 23. గుర్తు లేని పింగ్ గరిష్ఠం 27. నియమాలు పద్నాలుగు నుంచి రెండుకు దిగాయి, డీఎస్‌సీపీని సున్నా చేసేదీ ఫోన్‌కు 46 వేసేదీ. గుర్తు లేని పింగ్ అంకె మీద ఎంత మనసు పెట్టినా తక్కువే. 1300 నుంచి 27కు దింపింది ఏ ప్రాధాన్యమూ కాదు, వరసను పొట్టిగా ఉంచడం.

అయినా ఒకటి తప్పింది. ఇల్లు-1 నుంచి ఒక అప్‌లోడ్, ఇల్లు-2 నుంచి 16 అప్‌లోడ్‌లు నడిపితే ఇల్లు-1కి దక్కింది 9.5 ÷ 17 = 0.56 ఎంబీపీఎస్. ఇంటికో వంతు అన్నాం కదా? రౌటర్‌లో నాట్ ఉంది (లోపలి చిరునామాలన్నిటికీ బదులు ఒకే బయటి చిరునామా వేసేది). ప్యాకెట్ కేక్ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చిరునామా ఒకటైపోయింది, కేక్ కంటికి ఒకే ఇల్లు. నాట్ అనే ఆప్షన్ కలిపితే కనెక్షన్ ట్రాకింగ్‌లో చూసి అసలు చిరునామా తెలుసుకుంటుంది. కలిపాక చెరొక 4.75.

మరి గుర్తు ఎప్పుడు అవసరం? వంతుకు వచ్చే వాటా కాల్ ఖర్చు కంటే తక్కువైనప్పుడు. 9500 ÷ 85.6 = 110. కనెక్షన్ల మధ్యే పంచే ఎఫ్‌క్యూ-కోడెల్‌లో ఒకేసారి 110కి పైగా కనెక్షన్లు లైన్ నింపుతుంటే వాయిస్ తన వంతులో ఇమడదు, వరస కడుతుంది. 1 ఎంబీపీఎస్ లైన్ మీద ఆ హద్దు 11 మాత్రమే, ఒక్క టొరెంట్ చాలు. అక్కడ ఈఎఫ్ గుర్తు నిజంగా ఆదుకుంటుంది. కేక్‌లో వాయిస్ గంపకు హద్దు లైన్‌లో పావు వంతు, మనకు 2375 కేబీపీఎస్, 24 కాల్స్ (238 బైట్ల లెక్కన ఒక్కోటి 95.2). వీడియోకు సగం, బల్క్‌కు పదహారో వంతు. వాయిస్ హద్దు దాటితే కేక్ ప్యాకెట్లను పారేయదు, ముందు వరస మర్యాద మాత్రం తీసేస్తుంది. పన్నెండో కాల్ సమస్యకు హెచ్‌టీబీ సీలింగ్ కంటే ఇది మెరుగైన జవాబు.

ఇప్పటికి: వాయిస్ 23. గుర్తు లేనిది 27. అప్‌లోడ్ 8.94 ఎంబీపీఎస్. నియమాలు 2. మొదటి రోజుతో పోలిస్తే చెల్లించిన ధర 0.62 ఎంబీపీఎస్, నూటికి ఆరున్నర.

దశ 5: డౌన్‌లోడ్

అప్‌లోడ్‌లో పంపేది మనం. డౌన్‌లోడ్‌లో వరస అవతలి కొసలో ఉంది, దాన్ని దూరం నుంచే నడపాలి. బెంచి మీద ఆ బఫర్ నిండితే 15,14,000 × 8 ÷ 5,00,00,000 = 242 మి.సె. వచ్చే ప్యాకెట్లను ఐఎఫ్‌బీ అనే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్‌కు మళ్లించి దాని మీద కేక్ పెట్టాం. 95 శాతం చాలలేదు, కొత్త డౌన్‌లోడ్ మొదలైన ప్రతిసారీ అవతలి బఫర్ నిండుతోంది. 90 శాతం, 45 ఎంబీపీఎస్ దగ్గర స్థిరపడింది. అప్పటికీ మొదటి క్షణాల్లో ఒక పొంగు వస్తుంది. అవతలివాడు నెమ్మదించడానికి మనం పారేసిన ప్యాకెట్ సంగతి అతనికి చేరాలి కదా. యూడీపీ వరదను ఇవతలి నుంచి ఆపలేం. ఇన్‌గ్రెస్ ఆప్షన్ పెట్టండి, అది పారేసిన ప్యాకెట్లను కూడా లైన్ వాడకంలో లెక్కేస్తుంది.

ఇక్కడ ఎక్కువ సమయం తిన్న తప్పు: ఫైర్‌వాల్ ప్రీరౌటింగ్‌లో 46 వేస్తే ఐఎఫ్‌బీ మీది కేక్‌కు కనిపించలేదు. వచ్చే దారిలో టీసీ ఇన్‌గ్రెస్ ముందు, నెట్‌ఫిల్టర్ (ఫైర్‌వాల్) తర్వాత. గుర్తు పడేలోపే ప్యాకెట్ క్యూ దాటేసింది. పరిష్కారం సీటీఇన్ఫో, లినక్స్ 5.3 నుంచి ఉంది:

1. ఫోన్ ప్యాకెట్ బయటికి పోయేటప్పుడు దాని డీఎస్‌సీపీని కనెక్షన్ మార్కు పై ఆరు బిట్లలో దాచడం, పక్కన ఒక బిట్‌ను దాచామన్న గుర్తుగా వెలిగించడం.
2. జవాబు ప్యాకెట్ లోపలికి రాగానే ఇన్‌గ్రెస్ ఫిల్టర్‌లో సీటీఇన్ఫో ఆ విలువ తీసి డీఎస్‌సీపీలో వేయడం.
3. ఆ తర్వాతే ఐఎఫ్‌బీకి మళ్లించడం. 2, 3 తారుమారైతే మళ్లీ మొదటికే.

బయటి నుంచి వచ్చిన డీఎస్‌సీపీని నమ్మి గంపలు పంచవద్దు. దారిలో చాలా నెట్‌వర్క్‌లు దాన్ని సున్నా చేస్తాయి, కొన్ని తమ అవసరానికి మారుస్తాయి.

దశ 6: అసలు రౌటర్ మీదికి

బెంచి నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (లినక్స్ ఆధారిత రౌటర్ సాఫ్ట్‌వేర్) రౌటర్‌కు మార్చగానే పింగ్ పాత అంకెలకు పోయింది, బ్యాక్‌లాగ్ మళ్లీ 0. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడ్ ఆన్‌లో ఉంది. దాంతో కనెక్షన్ కుదిరాక ప్యాకెట్లు చిప్‌లోనే దాటిపోతాయి, కెర్నల్ క్యూ దాకా రావు. సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్ రెండూ ఆఫ్ చేశాం. ఇప్పుడు భారమంతా ప్రాసెసర్‌దే కాబట్టి అప్‌లోడ్, డౌన్‌లోడ్ కలిపి నింపుతూ టాప్ ఆదేశంలో సాఫ్ట్ ఇంటరప్ట్ శాతం చూడాలి. ఒక కోర్ ఖాళీ లేకుండా అయితే షేపర్ ఇచ్చిన వేగం అందదు, ఆలస్యం పెరుగుతుంది. అప్పుడు చేయగలిగింది వేగం తగ్గించడం లేదా పెద్ద రౌటర్.

చివరిది వైఫై. వైఫైలో నాలుగు తరగతులు: వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్. చాలా రౌటర్లలో ఉన్న పాత కెర్నళ్లు డీఎస్‌సీపీలో పై మూడు బిట్లు మాత్రమే చూస్తాయి. 46 అంటే 101110, పై మూడు 101, అంటే 5. అది వీడియో తరగతి. వాయిస్‌కు 6 లేదా 7 రావాలి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 ఈఎఫ్‌ను 6కు కట్టమని చెప్పింది. వైఫైని నడిపే హోస్ట్‌ఏపీడీ ప్రోగ్రాంలో క్యూఓఎస్ మ్యాప్ వరసలో మొట్టమొదటి జతగా 46,6 పెట్టాం. దానితో ప్యాకెట్ గాలిలో ఎదురుచూసే కనీస విండో 7 నుంచి 3 స్లాట్లకు తగ్గుతుంది, మామూలు తరగతికైతే అది 15.

ఆన్‌లో ఉన్నవి: రెండు కేక్‌లు, అప్‌లోడ్ 9500, డౌన్‌లోడ్ 45,000. గుర్తు నియమాలు 2, సీటీఇన్ఫో 1, వైఫై జత 1. ప్లాన్ వేగం మారిన రోజు దశ 1 పరీక్షను షేపర్ ఆపి రెండు నిమిషాలు, పెట్టి రెండు నిమిషాలు నడిపి ఈ రెండు అంకెలనూ తిరగరాయాలి.